నాడె కారు

పొద్దున్నే వాకిలి ఊడ్చి, చాయ తాగి ఉష మగ్గం గుంటలో కాళ్లు దించేసరికి రామన్నపేటలో సగం మంది ఇంకా పళ్లు తోముకుంటూ ఉంటారు. ఆమె నేసేది వాళ్ల నాయిన వాడిన పాత నాడెతో. నూలు కండెను కడుపులో పెట్టుకుని పడుగు మధ్యలో అటూ ఇటూ తిరిగే జానెడు కట్టె అది. ఏ నాడె అయినా మగ్గం మీద పోయి వస్తుంది. ఈ నాడె మగ్గం బయట కూడా పోయి వస్తుంది, ఎవరు విసిరితే వాళ్ల చేతికే. పెరట్లో కోతి మీదికి విసిరితే కోతిని తరిమేసి వచ్చి అరచేతిలో వాలుతుంది. వాడకట్టులో అందరికీ తెలిసిన సంగతే గనుక దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

వాళ్లు మాట్లాడుకునేది ఆమె మొగుడి గురించి. కొత్త జిల్లాలు వచ్చిన ఏడు అశోక్‌కుమార్ మగ్గానికో దండం పెట్టి మహబూబ్‌నగర్‌లో బట్టల షోరూమ్‌లో కుదిరాడు. పెళ్లాన్నీ బిడ్డనూ మళ్లీ తిరిగి చూడలేదు. ఇప్పుడు సుహాసిని నాలుగో తరగతికొచ్చాక, పిల్ల నాదంటూ ఊడిపడ్డాడు. అది ప్రేమంటే ఉష ఒక్క క్షణం కూడా నమ్మలేదు. తనను ఓడించడమే అతనికి కావాలి. కులపెద్ద ఐలేశం నలుగురినీ కూర్చోబెట్టి, నౌకరీ ఉన్న తండ్రి దగ్గరే పిల్ల బాగుపడుతుందని తేల్చాడు. బడిలో కట్టె కార్ల పోటీ కాగానే తీసుకుపొమ్మన్నాడు. ఉష ఆయన ముందు పెట్టిన చాయ గ్లాసును నిండుగా ఉండగానే వెనక్కి తీసుకుపోయి పారబోసింది.

పోటీకి కారును తండ్రీబిడ్డా కలిసి చెయ్యాలని బడివాళ్ల రూలు. అశోక్‌కుమార్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చెక్క కోస్తే వంకర, మేకు కొడితే పగులు.

"మగ్గం ఇడిసిపెట్టినోని మాట కట్టె ఇంటదా?" అంది ఉష లోపల్నుంచి.

"నోరు మూస్కో. నీ అసొంటిదాని దగ్గర పెరిగితే పిల్ల గూడ గిట్లనే అయితది."

ఉష చేతిలోని నాడెను అతని తల మీదికి విసిరింది. అది చెవిని రాసుకుంటూ పోయి, మలుపు తిరిగి ఆమె చేతికొచ్చింది. గట్టిగా తగలనందుకు ఆమెకు నిజంగానే బాధేసింది.

"డాడీ, గిదే కారు చేద్దాం! దీనికి ముక్కు గూడ ఉంది," అంది సుహాసిని.

బిడ్డ అడిగింది గనుక ఇచ్చింది. దానికి చక్రాలు బిగిస్తూ తండ్రీకూతుళ్లు నవ్వుకుంటుంటే ఉష కడుపు మండిపోయింది.

బడిలో స్టేజీ మీంచి నేలకు పొడుగాటి పలక వాల్చారు. సుహాసిని వదిలిన కారు అన్నిటికంటే ముందు సున్నం గీత దాటి, మళ్లీ వాలు ఎక్కి పిల్ల చేతికొచ్చింది.

"గీత దాటింది గదా, సరిపాయె," అని సారు కప్పు చేతిలో పెట్టాడు.

"నా బిడ్డంటే గట్లుంటది," అన్నాడు అశోక్‌కుమార్, ఉషకు వినబడేలా.

అక్కణ్నుంచి నేరుగా బస్టాండు. నల్గొండ బస్సు నిలబడి ఉంది, మహబూబ్‌నగర్‌కు నల్గొండలో మారాలి. సుహాసిని తల్లి కొంగు వదలదు, ఏడుపు ఆపదు. జనం పోగయ్యారు, ఐలేశం కూడా వచ్చాడు. అశోక్‌కుమార్ ఐలేశం వైపు తిరిగాడు.

"నేను గుంజుకపోయిన్నని రేపు నన్ను బద్నాం చేస్తది. పిల్లను అదే ఎక్కియ్యాలె. మీ ముందట, దాని చేత్తోని."

ఉష బిడ్డ కళ్లు తుడిచింది. అప్పుడు బిడ్డ చంకలో ఇరుక్కుని ఉన్న కారు కనబడింది. అతను నేత మరిచిపోయాడని తెలుసు గానీ, ఇంతగా మరిచిపోయాడనుకోలేదు.

"నా చేత్తోనా?"

"ఆఁ, నీ చేత్తోనే."

"ఇన్నవా కాకా?"

ఐలేశం తలూపాడు. ఉష బిడ్డను కారుతో సహా ఎత్తి బస్సులోకి నెట్టింది.

"పో బిడ్డా. కారు మాత్రం ఇడవకు."

అశోక్‌కుమార్ వెనకే ఎక్కాడు. బస్సు పోయింది. ఉష అరచెయ్యి చాపి అక్కడే నిలబడింది. కట్టె ఒక్కటే వచ్చి పిల్ల రాకపోతే? నాడె ఎప్పుడూ ఒట్టిగా రాదు, నూలు తీసుకునే వస్తుందని తనకు తానే చెప్పుకుంది.

జనం ఇంకా కదలకముందే బస్సు తిరిగొచ్చింది.

"ఊరు దాటినకాణ్నుంచి స్టీరింగ్ ఇటే తిరుగుతాంది," అని డ్రైవర్ కిటికీలోంచి అరిచాడు. "నాడె ఎక్కిచ్చినమని జర ముందుగాల చెప్పొద్దా?"

"ఈయన దాన్ని బయటికి ఇసిరిండు. మళ్ల ఈయన ఒళ్లకే వచ్చె!" అంది ఒకావిడ. "ఇగ పిల్లను దింపుతవా లేదా? మాకు పనులున్నయి."

బస్సంతా అదే అరుపు. అశోక్‌కుమార్ మొహం మాడ్చుకుని లేచి, బిడ్డను తనే ఎత్తి దింపాడు. సుహాసిని వచ్చి తల్లి నడుం చుట్టేసింది. కారు ఉష అరచేతిలో ఒదిగింది. ఐలేశం కండువా దులుపుకున్నాడు.

బస్సు కదిలింది. ఈసారి మొరాయించలేదు.

"రేపు మళ్ల వస్త!" అన్నాడు అశోక్‌కుమార్ కిటికీలోంచి.

"రా," అంది ఉష. "మళ్ల నేనే ఎక్కిస్త. నా చేత్తోనే."