మూసుకుపోయిన ఖాళీలు

కంప్యూటర్లోకి కొత్త ఎడిటింగ్ ప్రోగ్రాం వచ్చిన వారానికి వదిన ఎడిటింగ్ గదిలో నిలబడ్డానికి చోటు లేకుండా పోయింది. గదే చిన్నది. కిటికీకి మందపాటి నల్లగుడ్డ, గోడలకి ముడతల స్పాంజి, వడ్రంగి అయిన అన్నయ్య తన చేత్తో చేసిచ్చిన పొడవాటి బల్ల, దానిమీద రెండు తెరలు. వదిన మోచేయి ఆనీ ఆనీ బల్ల అంచున ఒకచోట పాలిష్ పోయి చెక్క తేలింది. ఆ వీధిలో వీడియోలు కోసి అతికే పని చేసేవాళ్ళంతా ఆవిడని పెద్ద కత్తెర అంటారు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న మరిది చిన్న కత్తెర. ఇప్పుడతను ఎక్కడ పనిచేసినా ఆ పేరు మాత్రం అతన్ని వదల్లేదు.

ఆ రోజు అతను తలుపు పక్కన, వైర్ల చుట్టమీద కాలు పడకుండా ఒదిగి నిలబడ్డాడు. గదిలో తిట్లు మరుగుతున్నాయి.

అందరికన్నా వేడిగా ఉన్నది పెళ్ళిళ్ళ బాబాయ్. ఆయన పెళ్ళి వీడియోలు తప్ప ఇంకేమీ చెయ్యడు. "నా వేళ్ళకి కళ్ళుండేవి. కీబోర్డు చూడకుండా కోసేవాణ్ణి. ఇప్పుడు సొంతింట్లో దొంగలా తడుముకుంటున్నాను," అన్నాడు. అన్నిటికీ మించి ఆయన్ని మండించింది ఒకటే. కొత్త ప్రోగ్రాంలో రెండు షాట్ల మధ్య ఖాళీ వదిలితే నిలవదు. దానంతటదే పక్క షాటు జరిగొచ్చి అతుక్కుపోతుంది. కావాలని వదిలామన్నా వినదు.

న్యూస్ ఛానెల్లో పనిచేసే అమ్మాయి గోడకి ఆనుకుని, "నాకేం బాధ లేదు బాబాయ్. మంత్రి మాటల మధ్య ఖాళీలన్నీ మింగేసింది. ఇప్పుడాయన ఊపిరి తీసుకోకుండా అబద్ధమాడుతున్నాడు," అంది. నవ్వారు.

"ఎవడో ఒకడు సలహా చెప్పి ఉంటాడమ్మా," అన్నాడు బాబాయ్. "జన్మలో ఒక కోత కొయ్యనివాడు. వాణ్ణి తీసుకొచ్చి పెళ్ళిళ్ళ రోజుల్లో నా కుర్చీలో కూచోబెట్టాలి. నడుం విరిగితే తెలిసొస్తుంది."

మళ్ళీ నవ్వారు. చిన్న కత్తెర కూడా నవ్వాడు, అందరూ నవ్వడం ఆపుతుండగా. వదిన ఒక్కతే నవ్వలేదు. ఆవిడ తెరవైపు తిరిగి, చెవులకి హెడ్‌ఫోన్ ఒకపక్క మాత్రమే పెట్టుకుని, తను చేస్తున్న సినిమాలోని పడవ బొమ్మని ముందుకీ వెనక్కీ జరుపుతోంది.

బాబాయ్ వెళ్ళబోతూ ఒక మాటన్నాడు. దీనంతటిలో ఒక్కటి మాత్రం బాగుందట. ఎక్కడ కోసినా షాటు చివర రెప్పపాటు ముక్కని పారెయ్యకుండా లేతరంగులో దాచి ఉంచుతోందట. "అది మాత్రం పని తెలిసినవాడి బుద్ధే. ఎవడికి పుట్టిందో గానీ," అన్నాడు. వదిన చెయ్యి తెరమీద పడవని ఆపింది. కాసేపయ్యాక మళ్ళీ కదిలించింది.



ఆ రెండు సలహాలూ చెప్పినవాడు చిన్న కత్తెరే. ఏడాది కిందట ఆ ప్రోగ్రాం చేసే కంపెనీవాళ్ళు, అనుభవం ఉన్న ఎడిటర్ కావాలంటూ అతన్ని పిలిపించుకున్నారు. ప్రోగ్రాం బయటికొచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదన్నారు. చల్లటి గది, అద్దం తలుపులు, ఎవరు ఏమన్నా రాసుకునే కుర్రకారు. వాళ్ళందరికీ పెద్ద ఒకమ్మాయి. నిదానంగా అడిగేది, చెప్పింది పూర్తయ్యేదాకా వినేది. మొదటి రోజుల్లోనే అతను వాళ్ళకి షాటు చివర ముక్క సంగతి చెప్పాడు. మాట ముగిసినా ముఖం ముగియదు, అందుకని రెప్పపాటు తోక వదిలి కొయ్యాలని. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని బల్లమీద చప్పట్లు కొట్టారు. ఆ మాట వదినది. తోక అన్న పేరూ వదినదే. ఆ వీధిలో ఇంకెవరూ అలా కొయ్యరు. మా వదిన దగ్గర నేర్చుకున్నానన్న ముక్క నాలుకదాకా వచ్చింది గానీ, చప్పట్లు ఇంకా ఆగలేదు. ఆగాక సందర్భం దాటిపోయింది.

ఆ తరవాత ఒకరోజు ఆ అమ్మాయే అడిగింది, మధ్యలో ఖాళీలు వదిలి పనిచేసేవాళ్ళు ఉన్నారా అని. అతనికి వదినే గుర్తొచ్చింది. ఇంకా తియ్యని షాటుకి చోటు వదిలి ముందుకి పోవడం ఆవిడ పద్ధతి. నల్లగా ఆ ఖాళీ నడుస్తున్నంతసేపూ ఆవిడ తెరని చూస్తూనే ఉంటుంది, అక్కడ ఏదో ఉన్నట్టు. కానీ అప్పుడే కుర్రాళ్ళలో ఒకడు పాతకాలపు ఎడిటర్లని అనుకరించి నవ్వించాడు. చప్పట్లు కొట్టించుకున్నవాడికి ఆ నవ్వుకి అవతలపక్కకి పోబుద్ధి కాలేదు. "అది పాత అలవాటు. ఇప్పుడెవరూ వదలరు. ఖాళీ ఉందంటే అది పొరపాటే," అన్నాడు. వాళ్ళు రాసుకున్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. ప్రోగ్రాం రాగానే వదినకి ఫోన్ చేసి, వేసుకోండి వదినా, బాగుంటుందని చెప్పిందీ అతనే. ఆవిడ వేసుకుంది.

వదిన చేస్తున్న సినిమా ఒక రేవు గురించి. వంతెన కట్టడంతో పడవ ఆగిపోయిన రేవు. తీసినాయన వరదకోసం ఎదురుచూస్తూ నది ఒడ్డునే ఉన్నాడు. వరద షాట్లకి వదిన చోట్లు వదిలింది. ఎక్కడ ఎంత అన్నది ఆవిడ కంటికే తెలుసు. సంగీతం చేసినాయన ఆ చోట్లతో సహా లెక్కేసుకుని వాయించి ఇచ్చేశాడు. కొత్త ప్రోగ్రాం పాత ఫైలుని తెరుస్తూనే ఖాళీలన్నిటినీ మూసేసింది. బొమ్మలు ముందుకి జరిగాయి, విడిగా పెట్టిన శబ్దాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పడవవాడు నోరు తెరిస్తే మేక అరిచింది. అతని భార్య ఏడుస్తుంటే రేవులో పిల్లలు చప్పట్లు కొట్టారు. మళ్ళీ పాతదానిలో తెరుద్దామంటే, ఒకసారి మారిన ఫైలు పాతదానికి అర్థం కాదు.

వేరే డిస్కులో ఇంకో కాపీ ఉంది. వదిన కంగారుగా ఫోన్ చేస్తే, అదెలా ఉందో తెరిచి చూడండి అన్నాడతను. తెరిస్తే అదీ మారిపోయింది. కోసి అతికే పనిలో పెరిగిన చెయ్యి ముందు తెరుస్తుంది, తరవాత ఆలోచిస్తుంది. సినిమాని చూపించే రోజు దగ్గరపడుతోంది. అప్పట్నించీ వదిన ఆ నల్ల చోట్లని ఒక్కొక్కటే వెతికి పెట్టుకుంటోంది. అతన్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని అతనికి అనిపించింది.  తేలు కుట్టిన దొంగలా ఆ గదికి వస్తున్నాడు, పోతున్నాడు.

ఎడిటర్లంతా కలిసి కంపెనీకి అర్జీ పెట్టాలనుకున్నారు. రాయడానికి అతన్నే పట్టుకున్నారు. "మీ మరిదికి భాష ఉందమ్మా, మేం రాస్తే బూతులే వస్తాయి," అన్నాడు బాబాయ్ వదినతో. అతను వదిన బల్ల దగ్గరే కూచుని రాశాడు. బాగానే వచ్చింది. ఎవరి కష్టం వాళ్ళ మాటల్లోనే పెట్టాడు. చివర్న బాబాయ్ ఒక వాక్యం చెప్పాడు: ఇంత మార్పు చేసేముందు మాలో ఒక్కరినీ అడగలేదు. కలం ఆ వాక్యం దగ్గర ఆగింది. మింగలేక కక్కలేక అతను వదినవైపు చూశాడు. ఆవిడ హెడ్‌ఫోన్ సరిచేసుకుంటోంది.

"రాయి," అంది, ఇటు తిరక్కుండానే. "బాబాయ్ చెప్పాడుగా."

రాశాడు. చేతిరాత అక్కడ కొంచెం ఒరిగింది.

అచ్చుయంత్రాల దుకాణం పైన ఉన్న హాల్లో సమావేశం పెట్టారు. కింద యంత్రం ఆడుతుంటే కుర్చీల కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. కంపెనీ తరఫున ఎవరో పెద్దమనిషి వస్తాడనుకున్నారు. వచ్చింది, చల్లటి గదిలో అతన్ని అడిగిన ఆ అమ్మాయే. బల్ల వెనక కూచుని హాలంతా కలయజూసింది. అతని దగ్గర చూపు ఒక్క క్షణం నిలిచి పక్కకి పోయింది. పలకరించలేదు.

అందరూ చెప్పుకున్నారు. ఆవిడ వింటూ రాసుకుంది. కొత్తలో ఎవరికైనా తడబాటు ఉంటుందని ఒకసారి అనబోయి, హాలు గుర్రుమనేసరికి మానుకుంది. బాబాయ్ లేచి, తను పొరపాటున ఒక పెళ్ళిలో తాళి ముందూ పెళ్ళిచూపులు తరవాతా అతికి ఇచ్చాననీ, ఆ మొగుడూ పెళ్ళాలకి నచ్చింది గానీ అత్తగారు ఇంకా మాట్లాడటం లేదనీ చెప్పాడు. నవ్వులు పడ్డాయి. ఆ నవ్వుల్లోనే అర్జీ తీసి చదివాడు. చివరి వాక్యం దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచాడు.

"ఒక్కరినీ అడగలేదు. ఏమ్మా, అబద్ధమా?"

ఆ అమ్మాయి ముందున్న నీళ్ళ గ్లాసుని కొంచెం జరిపింది. అతనివైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత బిగబట్టుకుని కూచుందో అతనికి కనిపిస్తూనే ఉంది.

"అడగాల్సినంతమందిని అడగలేదు," అంది మెల్లగా. "తప్పు మాదే."

హాల్లో గోల లేచింది. ఎవరో ఆవిడ వయసు అడిగారు. ఎవరో, ఇంటికెళ్ళి బొమ్మలతో ఆడుకోమన్నారు. ఆవిడ తల వంచుకుని ఆ మాటలు కూడా రాసుకుంటున్నట్టు కాగితంమీద కలం కదిపింది. ఏమీ రాయడం లేదు. గీతలు.

వదిన ముందువరసలో కూచుంది. అతనికి ఆవిడ జడా, మెడా, భుజాలూ కనబడుతున్నాయి. 

అతను లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "ఆ వాక్యం కొట్టెయ్యి బాబాయ్," అన్నాడు.

"ఏం, మర్యాదగా లేదా?"

"నిజం కాదు. వాళ్ళు అడిగారు. నన్ను అడిగారు. ఖాళీలు ఎవరికీ అక్కర్లేదని నేనే చెప్పాను."

 బాబాయ్ చేతిలో అర్జీ అలాగే ఉంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మరి ఆ రోజు గదిలో నాతోపాటు నవ్వావేంరా?" అన్నాడు. తిట్టినా అంత తగిలేది కాదు. న్యూస్ ఛానెల్ అమ్మాయి తన బ్యాగు తీసి అతని పక్క కుర్చీలోంచి రెండు కుర్చీల అవతలికి పెట్టుకుంది.

వదిన వెనక్కి తిరగలేదు.

సమావేశం ఎలా ముగిసిందో అతనికి సరిగ్గా తెలియదు. ఖాళీలు నిలిచేలా మారుస్తామనీ, కొంతకాలం పడుతుందనీ ఆ అమ్మాయి చెప్పింది. మెట్లు దిగుతూ అతని పక్కన ఒక్క క్షణం ఆగింది. "మీరు చెప్పకపోయినా నేను చెప్పేదాన్ని కాదు," అంది. "తెలుసు," అన్నాడతను. అందుకే చెప్పాల్సివచ్చిందని మాత్రం అనలేకపోయాడు.

అతను వచ్చేసరికి వదిన అప్పటికే గదిలో బల్ల ముందు కూచుంది. అన్నయ్య గుమ్మంలో ఒక డ్రాయరు బిగిస్తూ, లోపలికి పో అన్నట్టు గడ్డంతో చూపించాడు. అతను లోపలికెళ్ళి నిలబడ్డాడు. తెరమీద పడవవాడు నీళ్ళకేసి చూస్తున్నాడు.

"క్షమించండి వదినా," అన్నాడు.

"దేనికి?"

"ఖాళీల సంగతికి."

వదిన బొమ్మని వెనక్కి జరిపింది. "ఖాళీలంటావా, నువ్వు కాకపోతే ఇంకొకడు చెప్పేవాడు. తెరిచిందీ నేనే." పడవవాడి ముఖం దగ్గర ఆపింది. "ఆ ప్రోగ్రాం వేసుకున్న రోజే ఒక షాటు కోసి చూశాను. చివర తోక కనబడింది. ఆ కంపెనీ గదిలో మా ఇంటి మనిషి ఉన్నాడని అప్పుడే తెలిసింది."

 హాల్లో అంతమంది ముందు చెప్పినవాడు, తోక వదినదన్న ముక్క చెప్పలేదు. చెప్పాలని తోచను కూడా లేదు.

"ఎవరిదని చెప్పావు?" అంది వదిన. అడిగినట్టు లేదు, పక్క గదిలోకి వినబడకుండా అన్నట్టుంది.

"ఎవరిదనీ చెప్పలేదు."

"ఊఁ."

"నాదే అనుకున్నారు. అనుకోనిచ్చాను. రేపు పొద్దున్నే వెళ్ళి చెబుతాను వదినా."

"నా పేరుతో వాళ్ళకేం పని?" అంది. ఆవిడ ముఖం తెర వెలుగులో ఉంది గానీ అందులో ఏముందో అతనికి అందలేదు. "నువ్వు చెప్పాల్సినప్పుడు చెబుతావని చూశాను. బాబాయ్ వాక్యం రాయమన్నప్పుడు కూడా చూశాను."

 అన్నయ్య స్క్రూ తిప్పుతున్న చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. బల్ల కింద పాత ముక్కాలిపీట ఉంది, పని నేర్చుకునే రోజుల్లో అతను కూచున్నది. వదిన కాలితో దాన్ని బయటికి నెట్టింది.

అతను కూచున్నాడు. పీట తనకి పొట్టిదైపోయింది. మోకాళ్ళు బల్లకి తగిలాయి. వదిన మౌసు అతనివైపు జరిపి, తను కుర్చీలో వెనక్కి వాలి, ఎక్కడ నల్లబొమ్మ పెట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. కొత్త ప్రోగ్రాంలో ఖాళీ నిలవదు కాబట్టి, ఖాళీకి బదులు ఒక నల్లటి బొమ్మనే తెచ్చి అతికించాలి. పడవవాడు తల వంచాడు. అతను బొమ్మ పెట్టాడు.

"చాల్లేదు," అంది వదిన.

పొడిగించాడు.

"ఇంకా. వరద రావాలి అక్కడ."

పొడిగించి, వదిలి, నడిపించాడు. తెర నల్లగా నడిచింది. ఆవిడ ఆ నలుపుని రెప్పవెయ్యకుండా చూస్తోంది. అతను తెరని చూడాల్సింది పోయి ఆవిడ ముఖం చూస్తున్నాడు, ఎప్పుడు చాలంటుందో అని.

ఆవిడ ఇంకా అనలేదు.