అమావాస్య నాటి బంతి

నేను ఒక బంతిని. ఆడుకునే బంతిని కాదు, మనిషి కూర్చునే, గాలి నింపిన పెద్ద రబ్బరు బంతిని. ఫ్యాక్టరీలో నన్ను మందంగా అచ్చు పోసి, మడతపెట్టి డబ్బాలో పెట్టారు. జగిత్యాలలో ఒక జిమ్ముకు చేరాను. కుర్రాళ్లు నా మీద కూర్చుని ఫొటో తీయించుకుని లేచి వెళ్లేవారు. జిమ్ము మూతపడ్డాక యజమాని నన్ను తన అక్క సునందకు ఇచ్చాడు. ఆమె సర్కారు దవాఖానాలో మిడ్‌వైఫ్. అలా కాన్పుల గదికి వచ్చాను. నా మీద కూర్చుని నడుము ఊపితే నొప్పులు కాస్త ఓర్చుకోవచ్చని సునంద చెప్పేది. వెంట వచ్చినవాళ్లు మాత్రం నేను పిల్లల వార్డు నుంచి దొర్లుకుంటూ వచ్చాననుకునేవారు.

లహరి నెలలు నిండాక వచ్చింది. తొలి కాన్పు. వెంట అత్త భూలక్ష్మి, భర్త సాగర్.

"గురువారం పొద్దుగాల ముహూర్తం పెట్టిచ్చిన. గప్పుడు ఆపరేషన్ చేస్తే పిల్లకు రాజయోగమట. ఈడ కాదంటే ప్రైవేటుకు తోల్కపోతం" అంది భూలక్ష్మి.

సాగర్ తల్లిని చూశాడు, భార్యను చూశాడు, చివరకు నన్ను చూశాడు.

లహరి సునందను అడిగింది. "నాకు ఆపరేషన్ అవసరమా అక్కా? చేయించుకుంటే ఏమైతది, చేయించుకోకుంటే ఏమైతది?"

సునంద దాచకుండా చెప్పింది. బిడ్డ తల కిందికే ఉంది, బీపీ బాగుంది, ఇప్పటికైతే కోయాల్సిన పని లేదని డాక్టరమ్మ కూడా అన్నది. కోస్తే కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, వచ్చే కాన్పు మీద కూడా దాని ప్రభావం ఉంటుంది. ఆగితే నొప్పులు ఎంతసేపుంటాయో ముందే చెప్పలేం, మధ్యలో ఆపరేషన్ అవసరం పడొచ్చు.

"చెప్పుడు నా పని. ఏం చేద్దామో నువ్వు చెప్పు."

లహరి "నొప్పులు వచ్చేదాక ఆగుత. బిడ్డ గుండె తేడా కొడితే మాత్రం ముహూర్తం అడగకుండ కోయుండ్రి" అంది.

"నువ్వేమంటవ్‌రా?" అని భూలక్ష్మి కొడుకు వైపు తిరిగింది.

"కడుపు ఆమెది అమ్మా."

గురువారం దాటింది. నొప్పులు మొదలైంది అమావాస్య పొద్దున. "ఇంకో దినం దొరకలేదా నీకు" అని భూలక్ష్మి కోడలి కడుపును అడిగింది. లహరి నా మీద కూర్చుని ఊగింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె వేళ్లు నా ఒంట్లో దిగబడేవి. సునంద మధ్యమధ్యలో బిడ్డ గుండె విని, బాగుందనేది. భూలక్ష్మి రాహుకాలం కోసం గోడ గడియారం చూస్తోంది.

"అత్తమ్మా, గడియారం యాడికి పోదు గని నా నడుము వత్తు."

వత్తింది. తర్వాత గడియారం వైపు చూడలేదు.

ఆడపిల్ల పుట్టి గది దద్దరిల్లేలా ఏడ్చింది. "నేను చెప్పినట్టే కన్న" అంది లహరి. ఆ గదిలో ఆ రోజు అంతకంటే పెద్దమాట ఎవరూ అనలేదు. భూలక్ష్మి ముహూర్తం పెట్టిన పంతులుకు ఫోన్ చేసి పుట్టిన సమయం చెప్పింది. ఆయన పంచాంగం తిరగేసి, ఇది ఇంకో రకం యోగమన్నాడు. యోగాలకు కొరత లేదని నాకప్పుడు తెలిసింది.

ఎందరినో మోశాక నాకు చిల్లు పడింది. ఇప్పుడు స్టోరు గదిలో, పాత మంచాల మధ్య ఉన్నాను. నిన్న వరండాలో భూలక్ష్మి గొంతు వినిపించింది. చిన్న కూతురిని కాన్పుకు తెచ్చింది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. సునంద చెప్పిందంతా విని, అడగాల్సినవి అడిగి, ఆ పిల్ల ఆపరేషనే కావాలంది.

పక్కన కూర్చున్న ముసలామె భూలక్ష్మిని పలకరించింది. "మరి పంతులును అడిగినవా?"

"పిల్లను అడిగిన" అంది భూలక్ష్మి.