కారం లేని చెయ్యి

సెలవు పిల్లలకిస్తారో, తల్లులకు శిక్ష వేస్తారో ఆ బడివాళ్ళే చెప్పాలి. ఉగాదికి సెలవులు అన్న మెసేజ్ నేను చదవడం పూర్తయిందో లేదో, దాని కిందే ఇంకోటి దిగింది.

"డియర్ పేరెంట్స్, ఎల్కేజీ ఉగాది యాక్టివిటీ: చేతుల తోరణం. అమ్మ అరచేతికి ఆకుపచ్చ రంగు పూసి చార్టు మీద అద్దితే మామిడాకులు. పిల్లల చేతికి పసుపు రంగు పూసి వాటిమీద అద్దితే మామిడిపండ్లు. అమ్మా, పిల్లలూ కలిసి మాత్రమే చెయ్యాలి. వీడియో గ్రూపులో పెట్టాలి. తోరణం సోమవారం తేవాలి." చివర లిడియా మిస్ పెట్టిన నవ్వుమొహం ఒకటి. ఆవిడకేం, నవ్వుతుంది.

నేనప్పుడు షెడ్డులో ఉన్నాను. ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ పక్కన మా షెడ్డు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిరపకాయల తొడిమలు తీయడమే పని. అదీ తేజ కాయ, మిరపల్లోకెల్లా ఘాటు రకం. చేతులకు తొడుగులిస్తారు గానీ వాటితో పని సాగదు, తీసి పక్కన పడేస్తాం. ఇంటికెళ్ళే వేళకు అరచేతులు రెండూ భగభగమంటాయి. సబ్బుతో కడుగు, చింతపండుతో తోము, మజ్జిగలో నానబెట్టు, ఆ ఘాటు మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడే పోతుంది.

"ఏందే జ్యోతీ, మీ పాపకు మళ్ళీ పనిచ్చారా?" అంది నా పక్కన కూర్చునే జాన్‌బీ.

"పాపకా? నాకు! రిపబ్లిక్ డేకి జెండా అతికించాను. శివరాత్రికి పప్పులతో శివలింగం చెయ్యమన్నారు. అది సగం పప్పులు తినేసి, ఒకటి ముక్కులో దోపుకుంది. లింగం నేను చేశాను, స్టార్ దానికిచ్చారు."

"పోన్లేవే, ఈసారి తేలికేగా. చెయ్యి అద్దితే అయిపోతుంది."

తేలికంట! నాకు ఒళ్ళు మండింది గానీ జాన్‌బీ తప్పేముంది, ఆమెకు మా ఇంటి సంగతి తెలియదు.

బిందుమాధవి నా ఒక్కగానొక్క కూతురు. నాలుగేళ్ళది. పదిరోజుల కిందట నేను షెడ్డు నుంచి వచ్చేసరికి ముక్కు కారుకుంటూ ఎదురొచ్చింది. నేను చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కునే, కారం లేదులే అని చెప్పి దాని మొహం తుడిచాను. అంతే, కళ్ళు, ముక్కు, మూతి ఒకటే మంట. అది పెట్టిన కేకలకు వీధి వీధంతా మా గుమ్మంలో ఉంది. ఆనాటి నుంచి అది నా చేతికి దొరకదు. తలంటు నాయనమ్మే పొయ్యాలి, జడ నాయనమ్మే వెయ్యాలి, ముద్ద నాయనమ్మే పెట్టాలి. నేను పిలిస్తే బారెడు దూరంలో ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుని, "నీ చెయ్యి కారం" అంటుంది. పాలబ్బాయికి కూడా చెప్పింది, "మా అమ్మ చెయ్యి కారం" అని. విన్నవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. తోరణం సంగతి దేవుడెరుగు, అది ఒక్కసారి నా చేతిలో చెయ్యి పెడితే నాకదే పండగ.

పండక్కి షెడ్డు రెండు రోజులు మూశారు. ఆ రెండు రోజులూ వంటకు తప్ప మిరపకాయ జోలికి పోలేదు. అత్తయ్య నూరే పచ్చడి వాసనకు కూడా దూరంగా తిరిగాను. కొబ్బరినూనె రాసి రాసి చేతులు జిడ్డోడాయి. రెండో రోజు సాయంత్రం చార్టు, రంగు డబ్బాలు పట్టుకుని హాల్లో కూర్చున్నాను. మా ఆయన కోటేష్ వీడియో తియ్యడానికి మంచమ్మీదే సెటిలయ్యాడు.

"రావే బిందూ, రంగులాడుకుందాం."

రంగులంటే రాకేం, పరుగెత్తుకొచ్చింది. పసుపు డబ్బాలో చేతులు మోచేతుల దాకా ముంచింది. ఒక పండు ఫ్రిజ్ మీద కాసింది, రెండు గోడ మీద కాశాయి, ఇంకోటి మా అత్తయ్య రాజ్యమ్మ పండగ చీర మీద కాసింది.

"ఒసేయ్ ఒసేయ్, కొత్త చీరే! నిన్న కట్టానే!" అని ఆవిడ గొల్లుమంది.

"ఇక్కడే అమ్మా, ఇక్కడ అద్దు. ఇదిగో, నా చేతి పక్కన," అన్నాను.

అది నా అరచెయ్యి చూసి రెండడుగులు వెనక్కేసింది. "ఊహూఁ. కారం."

"లేదే తల్లీ. షెడ్డుకెళ్ళి రెండు రోజులైంది."

"అప్పుడు కూడా లేదన్నావుగా."



చేతికి పాలిథిన్ కవరు తొడుక్కోమని అత్తయ్య సలహా. తొడిగి, రంగు పూసి అద్దితే కవరు జారి, లారీ కిందపడ్డ కప్పలా వచ్చింది ఆకు. బిందు పడీ పడీ నవ్వింది గానీ దగ్గరికి రాలేదు. ఈలోగా మా ఆయనకు ఉత్సాహం పుట్టుకొచ్చి, అడక్కుండానే తన చెయ్యి ముంచి చార్టు మధ్యలో ఫెడేల్మని ఒకటి కొట్టాడు.

"ఎట్టా ఉంది మామిడాకు?"

"మీ మొహంలా ఉంది. అది అరిటాకు. లేవండి ఇక్కణ్ణుంచి!"

"ఎందుకే ఆ అరుపులు," అంది అత్తయ్య. "నా చెయ్యి వేస్తాలే. గ్రూపులో చెయ్యి ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నాకు తెలుస్తుంది! తలంటు మీరే, జడ మీరే, ముద్ద మీరే. ఇప్పుడు అమ్మ చెయ్యి కూడా మీదేనా అత్తయ్యా?"

ఆవిడ మొహం చిన్నబోయింది. పాపం, ఇన్నాళ్ళూ పిల్లను సాకుతున్న మనిషి.

అందరికీ వీపు తిప్పి కూర్చుని నా కుడిచేత్తో నేనే అద్దుకుంటూ పోయాను. ఒక ఆకు, ఇంకో ఆకు, ఇంకో ఆకు. పండ్లు లేని ఉత్త ఆకులు. ఎవడికి కావాలి ఈ దిక్కుమాలిన తోరణం అనుకుంటుంటే ఏడుపు తన్నుకొచ్చింది. రంగు అంటని ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

"అమ్మా."

బిందు నా భుజం పక్కకొచ్చి నిలబడింది. "మండలేదా?"

"ఏంటే?"

"కళ్ళు."

అప్పుడు గానీ నాకు తట్టలేదు నేనేం చేశానో. మా షెడ్డులో ఎవరూ కంటిమీద చెయ్యి పెట్టరు. దురదపెట్టినా భుజానికి రుద్దుకుంటాం, అంతే. మంట ఎప్పుడు అందుకుంటుందా అని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. రాలేదు.

"మండలేదమ్మా."

"ఇంకోసారి తుడుచుకో." మేస్త్రి పని చెప్పినట్టు చెప్పింది.

తుడుచుకున్నాను. రెండో కన్ను కూడా తుడుచుకోమంది. తుడుచుకున్నాను. అది నా మొహంలో మొహం పెట్టి ఒక కన్ను, తర్వాత రెండో కన్ను చూసింది. ఆ తర్వాత ఒక్క వేలు నా అరచేతికి తాకించి చటుక్కున తీసేసింది. వేలు కాసేపు అలాగే పట్టుకుని చూసుకుంది. చివరికి చెయ్యి మొత్తం తెచ్చి నా చేతిలో పెట్టింది. చల్లగా, రంగు జిగురుతో, ఇంత చెయ్యి. నేను కదల్లేదు. కదిలితే తీసేస్తుందని భయం.

"అయ్యో జ్యోతీ, బటన్ నొక్కలేదు," అన్నాడు మా ఆయన. "ఏదీ, మళ్ళీ ఒకసారి చెయ్యండి."

"మీ ఫోను బావిలో పడెయ్యండి," అన్నాను, చెయ్యి తియ్యకుండా.

ఆ సాయంత్రం ఆకు ఆకుకీ పండు కాసింది. అన్నం నా చేత్తో తిన్నది. జడ కూడా నేనే వేశాను, వంకరగా. "వంకరైతేనేం," అంది అత్తయ్య. ఆవిడ చీరకంటిన రంగు నేనే ఉతికాను.

మర్నాడు షెడ్డు తెరిచారు. మళ్ళీ తేజ కాయ, మళ్ళీ అదే మంట. సాయంత్రం ఇంటికొచ్చి, ఈసారి నేనే చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. బిందు పరుగెత్తుకొచ్చి, బారెడు దూరంలో ఆగింది. ముక్కు యథాప్రకారం కారుతోంది.

"ఇవాళ కారమా?"

"కారమే అమ్మా," అన్నాను.

గిర్రున తిరిగి లోపలికెళ్ళింది. గోడకు ఆరబెట్టిన తోరణం పర్రున చిరిగిన చప్పుడు వినపడింది. సోమవారం బడికివ్వాల్సిన తోరణం! ఒక ఆకు పట్టుకుని వచ్చింది, నా కాగితం చెయ్యి.

"నువ్వు షెడ్డుకెళ్ళినప్పుడు ఇది," అంది. "ఇది కారం లేని చెయ్యి." దాంతో ముక్కు తుడుచుకుంది.

చెడామడా తిడదామని నోరు తెరిచాను.

"మూతి కూడా తుడుచుకోవే," అన్నాను.