ఊసరవెల్లి దాహం

తెల్లవారకముందే ఎర్నెస్తిన్ పొయ్యి రాజేసి, గుంతల పెనంలో బియ్యప్పిండి పొంగణాలు పోసేది. పొయ్యి కంటే ముందు ఆమె నోరు అంటుకునేది. మొదటి బేరం వచ్చేసరికే ఆమె బల్ల పక్కనున్న కాఫీ మొక్క ఆకులన్నీ తడిసి ఉండేవి. అంబూసిట్ర పట్నం దాటి కొండ ఎక్కితే వచ్చే ఆ ఊళ్లో మాట అన్నాక ఆకు మీద నీటిబొట్టై నిలుస్తుంది. ఎప్పటినుంచో అంతే. ఆడవాళ్లు చేరే బావిగట్టున చేమ మొక్కలు నడుమెత్తు పెరుగుతాయి, ఎవరితోనూ పొసగని వాడి పెరట్లో గడ్డి కూడా మొలవదు. అక్కడ చలికాలమైన జూలైలో, చినుకన్నది లేని రోజుల్లో, ఎర్నెస్తిన్ కాఫీ మొక్క ఎందుకంత నవనవలాడుతోందని ఎవరూ అడగరు. ఆమె నోరు ఎరిగినవాళ్లకు అడగాల్సిన పనేముంది?

ఆమెకు ఎదురిల్లు రబెమననది. ఆ చుట్టుపక్కల కొండల్లో పెళ్లిమాటలు మాట్లాడటంలో ఆయనంతటి వాడు లేడు. మగపెళ్లివారి తరఫున తెల్లటి లంబా శాలువా భుజాన కప్పుకుని నిలబడి, పిల్లనివ్వమని అడిగేవాడు. అయితే అడగడానికి ముందు క్షమాపణలు చెప్పుకోవాలి. అది అక్కడి మర్యాద. పెద్దలుండగా నోరు విప్పుతున్నందుకు క్షమించాలి, అన్నలుండగా తాను నిలబడ్డందుకు క్షమించాలి, పూర్వీకులు క్షమించాలి, వెనక నిలబడ్డవాళ్లు క్షమించాలి. ఆ క్షమాపణలు ముగిసేసరికే పందిరికి కట్టిన అరటాకులు నీళ్ల బరువుకు వంగిపోయేవి. ముందు వరుసవాళ్లు టోపీలు తెచ్చుకోండి అని పిలుపులోనే చెప్పేవారు.

ఇంట్లో మాత్రం ఆ నోరు పెగిలేది కాదు. ఊరికే వాగితే గొంతు పోతుందనేవాడు. భార్య బకూలి ఏదైనా చెప్పబోతే, గిన్నె మీద మూత పెట్టినట్టు ఒక సామెత తీసి పెట్టేవాడు. పన్ను నొప్పంటే ఒక సామెత, చెల్లెలు ఈ ఏడాదీ చూడ్డానికి రాలేదంటే ఇంకో సామెత. సామెత విన్నాక ఇంకేం మాట్లాడతారు ఎవరైనా? బకూలి లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

అలాంటి రోజుల్లోనే ఒకనాడు, ఎడ్లబండి కింద పడి నలగబోతున్న ఊసరవెల్లిని ఆమె ఒడిలో వేసుకొచ్చి, తూర్పు కిటికీలో కుండీలోని నిమ్మచెట్టు మీద వదిలింది. ఊరు నోరు నొక్కుకుంది. ఊసరవెల్లిని అక్కడ ఎవరూ ముట్టుకోరు, చూపించాల్సి వచ్చినా వేలు చాపకుండా మడిచి చూపిస్తారు. ఎర్నెస్తిన్ అయితే గడప తొక్కడమే మానేసి, కిటికీ బయట నిలబడి మాట్లాడేది. బకూలి అవేవీ లెక్కచెయ్యలేదు. రోజూ పొద్దున్నే చాటలో బియ్యం పోసుకుని నిమ్మచెట్టు పక్కన కూర్చుని, రాళ్లేరుతూ దానితో కబుర్లు మొదలుపెట్టేది.

ఊసరవెల్లికి నిలవనీళ్లు కనబడవు. గిన్నెలో ఉన్నవి దాని దృష్టిలో నీళ్లే కావు. ఆకు మీద బొట్టు మెరవాలి, జారాలి, అది జారిపోయేలోగా ఇంకొకటి రావాలి, అలా చాలాసేపు వస్తూనే ఉండాలి. అప్పుడు గానీ తనకు దాహంగా ఉందన్న సంగతి దానికి గుర్తురాదు. బకూలి మాటలు సన్నగా, ఆగకుండా నిమ్మాకుల మీద చేరేవి. అది మెల్లగా తలెత్తి, ఆకు అంచు నోట కరుచుకుని గుటకలు వేసేది. చాటలో బియ్యం అయ్యేదాకా ఆమె చెప్పేది, అది తాగేది.

వానలు తగ్గుముఖం పడుతుండగా బకూలి జ్వరంతో పోయింది. కిటికీలోంచి జల్లు కొట్టినన్నాళ్లు ఊసరవెల్లికి లోటు తెలియలేదు. చలికాలం వచ్చి ఆకులు ఆరిపోయాక దాని రెట్టలో తెల్లగా ఉండాల్సిన ముద్ద నారింజ రంగుకు తిరిగింది. కళ్లు గుంటలు పడ్డాయి. డొక్కల మీద చర్మం ముడతలు పడి, వేళ్లతో పట్టి వదిలినా అలాగే నిలిచిపోతోంది.

రబెమనన భయపడ్డాడు. ఆ ఇంట్లో బకూలి మాటలు విన్న ప్రాణి అదొక్కటే. అది కూడా పోతే ఆయనకు మిగిలేది నాలుగు గోడలే.

చుట్టానికి ఇచ్చినట్టు, అన్నం మాడులో కాచిన నీళ్లు మంచి గిన్నెలో పోసి దాని ముందు పెట్టాడు. ఇంటికొచ్చినవాళ్లకు అంతకు మించిన మర్యాద అక్కడ లేదు. అది గిన్నెవైపు చూడనే లేదు. చేత్తో నీళ్లు చిలకరిస్తే పొడిగాలికి ఆరిపోయాయి. డబ్బాకు చిల్లు పొడిచి వేలాడదీస్తే, మాటల నీళ్లు మరిగిన నాలుక ఆ నీళ్లకు లొంగలేదు. ఆఖరికి లంబా కప్పుకుని, గొంతు సవరించుకుని, తన విద్యే ప్రయోగించాడు. "ఈ కొమ్మను అలంకరించిన మహానుభావా! తమ సముఖమున నోరు విప్పుటకు నేను అర్హుడను కాను..."

రేగుపండంతేసి బొట్లు దబదబా పడ్డాయి. ఆకులు తలలు వాల్చేశాయి, నీళ్లన్నీ నేలపాలయ్యాయి. ఊసరవెల్లి నల్లబడిపోయి, కళ్లు మూసుకుని, కొమ్మ వెనక్కి జరిగి దాక్కుంది.

"మొహం అలా వేలాడేశావేంటన్నా?" అంది ఎర్నెస్తిన్ మర్నాడు, పొంగణాలు తిరగేస్తూ. "శనివారం మిల్లు యజమాని కొడుకు పెళ్లిమాటలు నువ్వే కదా మాట్లాడేది? గొంతు బాగుందా?"

"గొంతు బాగానే ఉంది. ఊసరవెల్లే బాగాలేదు."

ఎర్నెస్తిన్ వేలు మడిచి కిటికీవైపు చూపించింది. "అదా? నీళ్లు తాగట్లేదా?"

"నిన్నంతా దానితో మాట్లాడాను."

"ఏం మాట్లాడావేంటి?"

చెప్పాడు. ఎర్నెస్తిన్ పుల్ల పక్కన పడేసి కడుపు పట్టుకుని నవ్వింది. "దాన్నేమైనా పిల్లనివ్వమని అడుగుతున్నావా అన్నా! అంత జడివాన కురిపిస్తే అదేం తాగుతుంది, మునిగి చస్తుంది గానీ. మా వదిన దానితో ఏం మాట్లాడేదో తెలుసా నీకు?"

"తెలీదు."

"పక్క గదిలోనే ఉండేవాడివి కదయ్యా!"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "పెద్దలు ఏమన్నారంటే..."

"ఇదిగో, ఇదే!" ఆమె నవ్వు ఆగిపోయింది. "పెద్దలేమన్నారో మా వదినకెందుకు? నువ్వేమంటావో కావాలి గానీ. ఆయనకు చెబితే సామెత వస్తుంది, దీనికి చెబితే కనీసం ఒక కన్ను నావైపు తిప్పుతుంది అనేది. కూరలో ఉప్పెక్కువైందని చెప్పేది. మోకాలు సలుపుతోందని చెప్పేది. రాత్రి నువ్వు దగ్గితే, గొంతుకేమవుతుందోనని నిద్రపట్టలేదని చెప్పేది. కిటికీ బయట నిలబడి నేను విన్నాను. నువ్వు వినాల్సినవన్నీ ఆ తొండ తాగింది."

రబెమనన పొంగణాలు తీసుకోకుండానే ఇంట్లోకి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున్న స్నానం చేసి, లంబా మడతపెట్టి కుర్చీ మీద ఉంచి, కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఊసరవెల్లి కళ్లు తెరవడం లేదు. కొమ్మను పట్టుకున్న కాళ్లలో ఒకటి పట్టు జారి వేలాడుతోంది. ఈ రోజు దాటదని ఆయనకు అర్థమైంది. ఏం చేయాలో తోచక, చాటలో బియ్యం పోసుకొచ్చి చెట్టు పక్కన కూలబడ్డాడు. బియ్యంలో వేళ్లు పెట్టి కెలికాడు.

"రాత్రి అన్నం మాడింది," అన్నాడు.

ఒక ఆకు కొసన ఆవగింజంత బొట్టు కట్టింది. వేలమంది ముందు తడబడని మనిషికి అంత చిన్న మాట అన్నందుకు సిగ్గేసింది.

"గిన్నె దించబోతే వేలు కాలింది. తేనె రాద్దామని చూశాను. సీసా ఎక్కడుందో తెలీలేదు." ఇంకో బొట్టు. "ఎక్కడ పెట్టావే అని గట్టిగా అడిగేశాను కూడా. అడిగాక గుర్తొచ్చింది."

బొట్టు తర్వాత బొట్టు. ఒకటి జారి కింది ఆకు మీద పడింది. ఊసరవెల్లి ఒక కన్ను కొంచెం తెరిచింది.

అప్పుడే బయట కారు ఆగింది. మిల్లు యజమాని బావమరిది తలుపు దగ్గర నిలబడి తొందరపెట్టాడు. "రండి పెద్దాయనా, వేళవుతోంది. ఆడపెళ్లివారి తరఫున మాట్లాడేవాడు అప్పుడే వచ్చి కూర్చున్నాడు."

రబెమనన లేవబోయి ఆగాడు. ఒక్క క్షణం మాట ఆగేసరికే పై ఆకులు ఆరడం మొదలుపెట్టాయి. ఇవాళ వెళ్లకపోతే ఇక ఏ పెళ్లికీ ఎవరూ పిలవరని ఆయనకు తెలుసు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మాటిచ్చి ఎగ్గొట్టిన వాడి సంగతి ఆ కొండల్లో ఇంకా తొందరగా దాటుతుంది.

"నేను రావట్లేదు నాయనా," అన్నాడు, చెట్టు మీంచి చూపు తిప్పకుండా.

"అదేంటండీ! ఇంత పెద్దమనిషి, కనీసం క్షమాపణైనా చెప్పరా?"

"రావట్లేదు. అంతే."

ఆ మాట కూడా ఒక చిన్న బొట్టై ఆకు మీద చేరింది. వచ్చినవాడు తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

రబెమనన మాట్లాడుతూనే ఉన్నాడు. చలి గురించి, మంచానికి ఒక పక్కే పడుకోవడం గురించి, ఎంత తక్కువ వండినా మిగిలిపోయే అన్నం గురించి చెప్పాడు. చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. కట్టకడపటికి, ఇన్నాళ్లూ తనకు తాను కూడా చెప్పుకోనిది బయటికొచ్చింది.

"నువ్వు పోయిన పూట నేను పక్క గదిలో ప్రసంగం వల్లె వేసుకుంటున్నాను బకూలీ. నీ గొంతు వినిపించింది. ఎప్పట్లాగే దానితో మాట్లాడుతున్నావనుకున్నాను. నన్నే పిలిచావేమో. లేచి రాలేదు."

ఊసరవెల్లి తలెత్తింది. వేలాడుతున్న కాలు పైకి లాక్కుని, కొమ్మను గట్టిగా పట్టుకుని, ఆకు అంచు నోట కరిచి గుటక వేసింది. మళ్లీ వేసింది. ఆయన ఏడుస్తూనే చెప్పాడు, అది తాగుతూనే ఉంది.

మధ్యాహ్నం పొయ్యి ఆర్పేసి ఎర్నెస్తిన్ కిటికీ దగ్గరికి వచ్చింది. "వెళ్లలేదట? ఊరంతా అదే గోల. నీ పరువు గంగలో కలిసిందన్నా."

"కలిసింది," అన్నాడు బొంగురు గొంతుతో. తర్వాత ఆమె మొహం వైపు చూశాడు. ఇన్నేళ్లుగా ఎదురింట్లో ఉన్న మనిషి మొహం. "పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?"

ఎర్నెస్తిన్ కిటికీ చువ్వ పట్టుకుంది.

"మా ఆయన పోయాక ఈ మాట నన్నెవరూ అడగలేదన్నా," అంది మెల్లగా. "ఊరందరికీ వండిపెడతాను కదా, తినే ఉంటాననుకుంటారు."

ఆయన పీట కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు.

ఈ ఒక్క మాట బకూలితో ఎప్పుడూ అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. అని ఉంటే ఆమె ఎంత సంతోషపడేదో తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఎర్నెస్తిన్ ఇంకా తటపటాయిస్తోంది.

"చెప్పు, వింటాను," అన్నాడు మళ్లీ.