జడ్జిగారి కూత

క్లోవిస్ మధ్యాహ్నం తిండి డబ్బాను పక్కన పెట్టి, చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చుని, కోటు జేబులోంచి నల్ల రబ్బరు గొట్టాన్ని తీశాడు. తెల్లవారడానికి ఇంకా పావుగంట ఉంది. అరవై మూడేళ్ళ మోకాళ్ళు కొండ ఎక్కినందుకు సలుపుతున్నాయి. రెండు వేళ్ళు రంపానికి పోగా మిగిలిన ఎడమచేత్తో గొట్టాన్ని తడిమి చూసుకున్నాడు. చిరుగు మీద ఎవరో ఎర్ర రబ్బరును ఆకులా కోసి అతికించిన అతుకు గట్టిగానే ఉంది. రెండేళ్ళ కిందట ఇది చిరిగిపోయి ట్రక్కులో పడి ఉన్నది మర్నాటికి ఇలా అతుకుతో కనబడితే, భార్య నాడీన్ బాగుచేసి ఉంటుందనుకున్నాడు. అడిగితే ఇది నీకెందుకని ఎదురు అడుగుతుందని నోరు మెదపలేదు.

గొట్టాన్ని జోరుగా ఆడిస్తే అచ్చం అడవి టర్కీ కోడిపుంజు కూసినట్టే ఉంటుంది. టెనెసీ కొండల్లో ఏప్రిల్ వచ్చిందంటే ఆ కూత కోసం చెవి కోసుకోని మగవాడు ఉండడు.

కొండ కింద ఇల్లు నాడీన్ అన్న ఎమ్మెట్‌ది. బావలిద్దరూ ముప్పయ్యొక్క ఏళ్ళు ఒకే కోత మిల్లులో ఎదురెదురుగా నిలబడి పలకలు పేర్చారు. ఆ రంపపు పొట్టు ఎమ్మెట్ ఊపిరితిత్తుల్ని తినేసింది. వెనక గది కిటికీ పక్కకు అతని మంచం జరిపి నెలయింది.

పొద్దుగూకే వేళ పుంజు ఏ చెట్టెక్కిందో విని గుర్తుపెట్టుకున్నవాడిదే మర్నాటి వేట. ఇంకొకడు ఆ ఛాయలకు పోకూడదు. తొమ్మిదేళ్ళ కిందట ఎమ్మెట్ అలా ఒక పుంజు ఎక్కిన చెట్టును గుర్తుపెట్టుకుని వచ్చాడు. మెడ నిక్కించి, అడుగు తీసి అడుగు వేసే దాని దర్జా చూసి జడ్జిగారని పేరు పెట్టాడు. ఆ రాత్రే జ్వరం తగిలింది. చెట్టు ఎక్కడో క్లోవిస్ ఒక్కడికే తెలుసు. ఊరికే చూసొద్దామని వెళ్ళాడు. చూసి ఊరుకుంటే ఏం పోయేది? పెట్టలా మూడుసార్లు పిలిచాడు. నమ్మి వచ్చింది పాపం. కాల్చేశాడు. ఏటి అవతల దొరికిందని ఇంట్లో అబద్ధం చెప్పి వండించుకు తిన్నాడు.

జ్వరం తగ్గాక ఎమ్మెట్ కొండెక్కాడు. గుడ్లగూబ గొంతు వింటే పుంజుకు ఒళ్ళు మండి బదులు కూస్తుంది. ఎమ్మెట్ నాలుగు రోజులు గుడ్లగూబలా కూసి, వేలాడేసిన మొహంతో దిగివచ్చాడు. ఆ మొహం చూడలేకే క్లోవిస్ ఈ గొట్టం కొన్నాడు. ఐదోరోజు అవతలి వాలులో దాక్కుని బదులిచ్చాడు. ఒక్కసారికని మొదలుపెట్టింది ఏటేటా తప్పని పని అయిపోయింది.

"జడ్జిగారు ఈ ఏడు కూడా రిటైర్ కాలేదోయ్ బావా," అనేవాడు ఎమ్మెట్, కాఫీ కప్పు అందిస్తూ. ఏ పుంజు అన్నేళ్ళు బతుకుతుందని ఎన్నడూ అడగలేదు. అమాయకుడనుకున్నాడు క్లోవిస్. ప్రతి వసంతంలోనూ చెప్పేద్దామనుకునేవాడు. కప్పు ఖాళీ అయ్యేది, మిల్లుకు వేళయ్యేది. ఈరోజు మాత్రం కాఫీ తాగకముందే చెప్పాలని ఒట్టు పెట్టుకుని వచ్చాడు.

కింద కిటికీ లోంచి గుడ్లగూబ కూత వచ్చింది. సన్నగా, మధ్యలో దగ్గు అడ్డుపడి. క్లోవిస్ గొట్టం ఆడించాడు. ఎమ్మెట్ ఎప్పుడూ రెండోసారి కూస్తాడు. క్లోవిస్ చెవి రిక్కించి కూర్చున్నాడు. తూరుపు తెల్లబడింది, పిట్టలు లేచాయి. రెండో కూత రాలేదు.

వెళ్ళేసరికి ఎమ్మెట్ భార్య వెర్నా వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉంది.

"విన్నాడన్నయ్యా. నవ్వాడు. దాహమేస్తోందంటే లోపలికెళ్ళాను. వచ్చేసరికే..."

క్లోవిస్ మంచం పక్క కూర్చున్నాడు. చెప్పాల్సిన మాట తొమ్మిదేళ్ళుగా నోట్లోనే ఉంది, ఇక దాన్ని వినేవాడు లేడు. ఎంత పిరికివాణ్ణి, అనుకున్నాడు. వెర్నా మంచం కిందినుంచి రేకుపెట్టె లాగి అతని ముందు పెట్టింది.

"నీకే ఇమ్మన్నాడు. నువ్వే తెరవాలట."

లోపల కత్తెర, ఎండిపోయిన జిగురు డబ్బా, వాటి కింద మడత పెట్టిన ఎర్ర రబ్బరు సంచి.

"నా వేడినీళ్ళ సంచి. నడుం నొప్పికి కాపడం పెట్టుకునేదాన్ని," అంది వెర్నా. "రెండేళ్ళయింది దాన్ని పాడుచేసి. వారం తిట్టాను. ఎందుకు కోశావయ్యా అంటే, నవ్వాడే గానీ చెప్పలేదు."

క్లోవిస్ చెయ్యి కోటు జేబు మీదికి పోయి అక్కడే ఆగింది. మిల్లు కూత వినబడినా లేవలేదు. కిటికీ వెలుతురు మంచం మీదికి, అక్కణ్ణుంచి అతని మోకాళ్ళ మీదికి జరిగింది. అక్కడ పరిచిన ఎర్ర రబ్బరు సంచికి నడిమధ్య, ఆకు ఆకారంలో, చిల్లు ఉంది.