సగం నవారు, సగం నీలం తాడు

నేను ఒక కుర్చీని. ఈ మాట చెప్పుకోవడానికి మొదట్లో కాస్త సిగ్గుపడేదాన్ని. నా ఒంట్లో ఎడమ సగానికీ కుడి సగానికీ పొత్తు ఉండేది కాదు మరి. ఎడమ పక్క తెల్లటి నూలు నవారు, కుడి పక్క నిగనిగలాడే నీలం ప్లాస్టిక్ తాడు, మధ్యలో సరిహద్దు గీసినట్టు ఒక ఇనుప చువ్వ. ఇలాంటి కుర్చీ కావాలని ఎవరూ అడగలేదు. ఒక మామగారూ ఒక కోడలూ పంతానికి పోతే నేను పుట్టాను.

భీమిలిలో బజారు వెనక సందులో లక్ష్మున్నాయుడికి కుర్చీలూ మంచాలూ అల్లే దుకాణం ఉంది. నవారు తప్ప మరో దాన్ని ముట్టుకుంటే చేతికి మైల అన్నట్టుండేవాడు. కోడలు హైమావతి ఊరికే ఇంట్లో కూర్చోలేక దుకాణంలో అడుగుపెట్టింది. కొద్దికాలానికే మామగారికంటే వేగంగా అల్లసాగింది. అది ఆయనకు గర్వంగానూ ఉండేది, కంటగింపుగానూ ఉండేది. ఆమె భర్త స్టీలు ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేసేవాడు. ఇంట్లో వాదన మొదలైతే చాలు, ఏ షిఫ్టు రోజైనా సరే, డ్యూటీకి వేళయిందంటూ చెప్పులేసుకునేవాడు.

ఒకనాడు ఎస్తేరమ్మ దుకాణానికి వచ్చింది. ఒకప్పుడు నర్సుగా పనిచేసిన ఆవిడ ఇప్పుడు సముద్రం ఒడ్డున వృద్ధాశ్రమం నడుపుతోంది. సముద్రం వైపు వరండాలో వేసిన ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగి ఒక ముసలాయన పడిపోయాడట. మణికట్టు విరిగితే ఇప్పటికీ సరిగ్గా అతకలేదట. వరండా నిండా కొత్త కుర్చీలు కావాలనీ, అయితే ముందు ఒక్కటే తీసుకుని వానకూ ఎండకూ ఉప్పుగాలికీ వదిలేసి చూస్తాననీ, నిలబడితేనే మిగతావి చేయించుకుంటాననీ చెప్పి వెళ్లింది.

అంత పెద్ద పని ఆ దుకాణానికి ఎన్నడూ రాలేదు. మామగారు నవారన్నాడు. కోడలు ప్లాస్టిక్ తాడంది, వానకు తడవదని. రెండు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఏం కావాలన్నా గోడకు చెప్పుకునేవారు. చివరికి సగం సగం అల్లి, ఏది నిలుస్తుందో చూద్దామన్నారు.

నన్ను వానాకాలం ముందర వరండాలో దించారు. వచ్చిన రోజే బుచ్చిలింగం నన్ను ఆక్రమించాడు. ఈయన ఆర్టీసీ కండక్టరుగా రిటైరైనవాడు. ఉద్యోగమంతా నిలబడే గడిచిందనీ, ఇక లేచేది లేదనీ అందరికీ చెప్పేశాడు. మనిషి బక్కపలచన, నేను వెడల్పు. మధ్యలో చువ్వ గుచ్చుకుంటుంది గనక ఆయన ఎటో ఒక పక్కకే కూర్చోవాలి. మనుషుల బుద్ధులు నాకు తెలిసింది అక్కడే.

మొదట లక్ష్మున్నాయుడు వచ్చాడు, కుర్చీ ఎలా ఉందో చూసిపోదామని. వస్తూ వస్తూ పొట్లంలో వేడి పకోడీలు తెచ్చాడు. వాటిని బుచ్చిలింగం చేతిలో పెట్టి, రోజూ నీలం తాడు మీదే కూర్చోమని చెవిలో చెప్పాడు. దాని మీద బరువు పడితే తొందరగా తెగుతుందని ఆయన ఆశ. ఆ వారమే హైమావతి కూడా వచ్చింది, కొంగు చాటున సున్నుండలతో. నవారు మీద కూర్చోమని ఆవిడ బతిమాలింది. బుచ్చిలింగం ఇద్దరికీ మాటిచ్చాడు. పొద్దున్న పకోడీల వైపు, సాయంత్రం సున్నుండల వైపు. మాట తప్పని మనిషి గనక పొట్లాలూ ఆగలేదు.

ఇందులో చిక్కల్లా ఒకటే. ఆయనకు షుగరుంది. పెట్టిన పథ్యమంతా చేస్తున్నా అది ఎందుకు దిగడం లేదో ఎస్తేరమ్మకు అంతుపట్టేది కాదు. మందులు మార్పించింది. ఆ బెంగతో ఆవిడే నా మీద కూర్చుని తల పట్టుకున్న రోజులున్నాయి. నాకు తెలుసు, కానీ చెప్పే నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదేమో. పకోడీల వాసన నాకూ బాగానే ఉండేది.

వానలు పడ్డాయి. నా ఎడమ సగం తడిసింది, ఆరలేదు, మళ్లీ తడిసింది. నవారు మీద నల్లటి బూజు మచ్చలు లేచాయి. ముక్కిపోయిన వాసన కొట్టింది, నడుము జారినట్టు కిందికి వేలాడింది. హైమావతి వచ్చి చూసి, నీలం తాడును కొంగుతో తుడిచి వెళ్లింది. ఆ తుడవడమే మామగారికి ఎక్కువ గుచ్చుకుంది. కానీ ఆవిడ సంతోషం వేసవి దాకానే. ఎండలు ముదిరేసరికి నీలం తాడు వెలిసి తెల్లబారింది. గోటితో గీకితే పొడి రాలేది. బుచ్చిలింగం లేచిన ప్రతిసారీ పంచెకు నీలం నూగు అంటుకునేది. ఆయన దులుపుకుని మళ్లీ కూర్చునేవాడు.

ఒకరోజు పొద్దున ఆయన ధీమాగా కుడి పక్కన కూర్చోగానే తాళ్లన్నీ పటపటా తెగాయి. మనిషి సగం కిందికి దిగిపోయాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఎడమ చేత్తో నవారు పట్టుకుని వేలాడాడు గనక నేలకు తగల్లేదు. ఎస్తేరమ్మ పరుగెత్తుకొచ్చి పైకి లాగింది. లాగుతుంటే ఆయన రొంటిలోంచి ఒక సున్నుండ జారి, దొర్లుకుంటూ ఆవిడ పాదాల దగ్గర ఆగింది.

ఆ మధ్యాహ్నమే మామా కోడళ్లను పిలిపించింది. బుచ్చిలింగం దాచలేదు. ఎవరు ఏం తెచ్చేవారో, ఏ పక్క కూర్చోమనేవారో పూసగుచ్చినట్టు చెప్పేశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు రాబోయింది కానీ ఎస్తేరమ్మ మొహం చూసి ఆగిపోయింది.

"ఈయన చెయ్యి విరిగుంటే ఏం చేసేవారు?" అంది ఆవిడ, గొంతు పెంచకుండా. "ఈ వయసులో మంచమెక్కితే మళ్లీ దిగరు. మీకు కుర్చీ కావాలా, గెలుపు కావాలా?"

హైమావతి ఇంకొక్క అవకాశం ఇమ్మని అడిగింది. ఎస్తేరమ్మ ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. కుర్చీని తీసుకుపొమ్మంది.

ఆటోలో నన్ను మధ్యన నిలబెట్టి చెరో పక్కనా కూర్చున్నారు. ఆటో బజారులోకి తిరుగుతుంటే లక్ష్మున్నాయుడు అన్నాడు.

"నవారు వానకి ఆగదని నాకు ముందే తెలుసమ్మా. నువ్వు నెగ్గీస్తావనే ఒప్పుకోనేదు."

"ప్లాస్టిక్కు ఎండకి పొడైపోద్దని నాకు తెల్దు మావయ్యా. తెలిస్తే ఆ పెద్దాయన కూకునే కుర్చీకి అల్లుతానా?" అంది హైమావతి, కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాత మా ఇంటి డాబా మీద ఒక తమాషా మొదలైంది. కొబ్బరి తాడు, గోనె తాడు, నైలాన్, పాలిస్టర్, బజారులో దొరికిన ప్రతి తాడూ తెచ్చి, చివర ఇటుకలు కట్టి నా పక్కనే దండేనికి వేలాడదీశారు. రోజూ సముద్రపు నీళ్లు తెచ్చి పోసేవారు. చుట్టుపక్కల వాళ్లు చూసి, దిష్టికి కట్టారేమో అనుకున్నారు. వానలు సగమయ్యేసరికి గోనె తాడు కుళ్లి ఇటుకతో సహా ఊడిపడింది. కొబ్బరి తాడు మొండిది, ఉప్పునీళ్లకు జడవలేదు, కానీ లక్ష్మున్నాయుడు దాని మీద చెయ్యి రాసి, ముసలి ఒంటికి గీరుకుంటుందని పక్కన పెట్టాడు. నైలాన్ తెగలేదు గానీ తడిసినప్పుడల్లా సాగి, ఇటుకను నేలకు ఆనించేది. పాలిస్టర్ తాడు ఒక్కటే సాగలేదు, చివకలేదు, రంగు మాత్రం కాస్త తగ్గింది.

ఆ తాడు హైమావతి ఎంచింది. అల్లిక లక్ష్మున్నాయుడిది. ఒక పోగు తెగినా పక్కపోగు జారకుండా ప్రతి వరసకూ విడిగా ముడివేసే పాత పద్ధతి. నా మీది పాత అల్లికంతా విప్పేసి, నడుమనున్న చువ్వ కోసేశారు. అప్పటికి గానీ నేను ఒక్క కుర్చీని కాలేదు.

నన్ను మళ్లీ వరండాకు తీసుకెళ్తే బుచ్చిలింగం కూర్చోబోయాడు. ఎస్తేరమ్మ ఆయన్ని ఆపి ముందు తను కూర్చుంది. భారీ మనిషి. కూర్చుంది, లేచింది, ఈసారి ధబ్బున కూలబడింది. నేను కిక్కురుమనలేదు. ఆవిడ ఇంకాసేపు అలాగే కూర్చుని, సముద్రం వైపు చూస్తూ, మిగతావి కూడా చేసిపెట్టమంది.

కొత్త కుర్చీలన్నీ చేరాక, వాటి వరసలో, చువ్వ కోసిన మచ్చలతో నేను అతుకుల మనిషిలా కనిపించాను. నన్ను తిరిగి దుకాణానికి పంపేశారు. ఇప్పుడు సందు మొగలో, దుకాణం అరుగు మీద ఉంటున్నాను. లక్ష్మున్నాయుడు జీవితమంతా నేల మీద కూర్చుని అల్లినవాడు. తాను అల్లినదాంట్లో ఒక్కసారీ కూర్చోలేదు. మామగారి మోకాళ్లు పట్టేస్తున్నాయని, మొన్న హైమావతి ఆయన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి నాలో కూర్చోబెట్టింది. ఇబ్బందిగా అటూ ఇటూ కదిలాడు. ఇంతలో ఎవరో వచ్చి, బయట వేసుకునే కుర్చీకి ఏ తాడు మంచిదని అడిగారు.

"లోపల మా అమ్మాయుంది, అడగండి," అన్నాడు. కోడలు అనలేదు.

లోపల తాడు బిగిస్తున్న చప్పుడు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్లీ మొదలైంది. ఆయన తల వెనక్కి వాల్చి, చేతులు నా మీద వదిలేసి, సందులో జనం తిరుగుతుండగానే గురక పెట్టాడు.