బూడిదయ్య కూర్చున్న కుర్చీ

ఉద్యోగంలో చేరాక నేను చేసిన మొదటి వస్తువు బకెట్టు. నిజం బకెట్టు కాదు. కంప్యూటర్లో ఆడుకునే ఒక ఆటలో, ఎవరిదో పెరట్లో, ఓ మూలన పడి ఉండే బకెట్టు. దానికి ఎన్ని రోజులు పట్టిందో చెబితే మా వదిన పగలబడి నవ్వింది.

"మూడు రోజులా? ఒక్క బకెట్టుకా? వీధి చివర కొట్టుకెళ్తే చిటికెలో తెచ్చుకోవచ్చు కదే!"

"అది కొనేది వదినా. ఇది చేసేది."

"నీళ్ళు పట్టుకోవచ్చా మరి?"

"కుదరదు."

"అయితే ఇంకేం బకెట్టే అది!"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఫోను పెట్టేశాను. కాసేపటికి మళ్ళీ నేనే చేశాను. ఆ రోజు మొత్తంలో నాతో నోరు విప్పి మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

ఆటలో కనిపించే ప్రతి వస్తువునూ ఎవరో ఒకరు కూర్చుని చెయ్యాలి. తలుపు, తాళం, చీపురు, మెట్లు, అన్నీ. తెర మీద ఒక బూడిదరంగు పెట్టె ఉంటుంది. దాన్ని లాగి, నొక్కి, కోసి, గుండ్రం చేసి, కావలసిన ఆకారానికి తేవడం నా పని. దీన్నే మోడలింగ్ అంటారు. నేను చేసినదానికి రంగులూ మరకలూ తుప్పూ వేసే అమ్మాయి వేరే ఉంది. ఆఫీసులో అందరూ ఆమెను రంగులమ్మాయి అంటారు. నన్ను బకెట్టమ్మాయి అన్నారు. ఆ పేరు పెట్టింది ఎవరో నాకు తెలీదు, ఎందుకంటే నా ఎదురుగా ఎవరూ ఏమీ అనరు. హాలు నిండా మనుషులే, అందరి చెవులకూ హెడ్‌ఫోన్లే. రంగులమ్మాయి కుర్చీ, నా కుర్చీ ఒకదానికొకటి తగులుతుంటాయి. అయినా ఒకరోజు నా తెర మీద ఆమె నుంచి మెసేజ్ వచ్చింది: "కొంచెం అటు జరుగుతారా." జరిగాను. ఆమె పైకెత్తిన బొటనవేలు బొమ్మ ఒకటి పంపింది. తల తిప్పి చూస్తే ఆమె ముఖం తెర వైపే ఉంది.

మూడు నెలలు పని చూసి, ఉంచుకోవాలో పంపించెయ్యాలో తేలుస్తామని చేరిన రోజే చెప్పారు. మా ఇంట్లో కూడా అదే గడువు. అమ్మ పోయాక నేను అన్నయ్య దగ్గరే పెరిగాను. వాళ్ళ హాల్లో, గోడవారగా, నా మడత మంచం ఉంటుంది. నేను ఈ ఊరికి బయల్దేరేటప్పుడు వదిన దాని మీద దుప్పటి సర్దుతూ, "ఇది ఇక్కడే ఉంటుంది. నీ ఉద్యోగం ఖాయమైతే అప్పుడు తీసేసి పాపకి చదువుకునే బల్ల వేద్దాం. కాకపోతే వచ్చెయ్, పాప ఇంకో ఏడాది నేలమీద రాసుకుంటుంది" అంది. నవ్వుతూనే అంది. పాప అంటే నా మేనకోడలు. నేను ఓడిపోతే దాని బల్ల పోతుందన్నమాట. ఓడిపోవడానికి వీల్లేదనుకున్నాను.

ఇంక బూడిదయ్య సంగతి చెప్పాలి.

కొత్త ఫైలు తెరిచిన ప్రతిసారీ మా సాఫ్ట్‌వేర్లో ఒక మనిషి బొమ్మ నించుని ఉంటుంది. బట్టల్లేవు, ముఖం లేదు, ఒళ్ళంతా బూడిదరంగు. మనం చేసే తలుపు మనిషి పట్టేంత ఉందా, కుర్చీ మరీ ఎత్తయిందా అని పోల్చి చూసుకోవడానికి పెట్టిన కొలత బొమ్మ. అందరికీ అది కొలతే. నాకు మాత్రం, రెండు చేతులూ బార్లా చాపి నించున్న ఆ మనిషి, రామ్మా రా, ఎప్పుడొచ్చావు అంటున్నట్టుండేవాడు. బూడిదయ్యా అని పిలవడం మొదలుపెట్టాను. మొదట మనసులో. తర్వాత పెదాలు కదిలేవి. "ఏం బూడిదయ్యా, ఈ పిడి చేతికి అందుతుందా?" "ఇవాళ ఎండ మండిపోతోంది బూడిదయ్యా." హెడ్‌ఫోన్ల పుణ్యమా అని ఎవరికీ వినపడేది కాదు.

మూడో నెల మొదట్లో మా టీముకు పెద్ద, లీడ్ గారు, నన్ను పిలిచారు. ఆయన ఎవరి మీదా గొంతెత్తరు. మెత్తగా మాట్లాడతారు, అందుకే ఎక్కువ భయం.

"నీకో గది ఇస్తున్నానమ్మా. ఆటలో ఒక ముసలాయన ఉంటాడు, గడియారాలు బాగుచేసేవాడు, ఇప్పుడు మానేశాడు. ఒక్కడే ఉంటాడు. ఆడేవాళ్ళు తాళంచెవి కోసం ఆ గదిలోకొస్తారు, వెతుక్కుని వెళ్ళిపోతారు. ముసలాయన కనపడడు. కానీ గది చూడగానే ఇక్కడ ఒంటరి మనిషి ఉంటున్నాడని తెలియాలి. ఒక కుర్చీ, ఒక కప్పు, ఒక పళ్ళెం. అంతకుమించి ఒక్కటి కూడా పెట్టకు. పెట్టిన ప్రతిదాన్నీ ఆడేవాళ్ళ కంప్యూటరు మొయ్యాలి."

"సరే సార్."

"నీ సంగతి తేల్చేది ఈ గదే."

చేశాను. బల్ల, కుర్చీ, కప్పు, పళ్ళెం, గోడకు గడియారాలు. ఆయన రెండు నిమిషాలు చూసి, "వస్తువులు బాగున్నాయి. కానీ ఇది ఎవరూ లేని గదిలా ఉంది, ఒకరున్న గదిలా లేదు" అని వెనక్కి పంపారు. ఒళ్ళు మండిపోయింది. ఒకటంటే ఒకటే పెట్టమన్నది ఆయన, పెట్టింది నేను, ఇప్పుడు ఎవరూ లేరట! ఆ కోపమంతా బూడిదయ్య మీద చూపించాను. పాపం, చేతులు చాపి అలాగే నించున్నాడు.

సాయంత్రం ఎండ ఉండగానే నా గదికి వచ్చాను. జిరాక్సు కొట్టు మీద గది అది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. ఒంటరి మనిషి గది ఎలా ఉంటుందో చూసి రావడానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదని అప్పటిదాకా నాకు తట్టనేలేదు. టేపు తీసి కొలవడం మొదలుపెట్టాను. బల్ల, గుమ్మం, మంచం. కుర్చీల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. రెండున్నాయి. ఒకదాంట్లో నేను కూర్చుంటాను. రెండోదాని మీద ఉతికిన బట్టల గుట్ట. వంటగట్టు మీద కప్పులు కూడా రెండే. చేరిన వారం కొన్నాను, ఎవరైనా వస్తే ఉంటుందని. రెండోదాంట్లో ఇప్పటివరకూ ఎవరూ ఒక్క గుక్క తాగలేదు. కానీ నేను రోజూ నా కప్పుతోపాటు దాన్ని కూడా కడుగుతున్నాను. ఎందుకు కడుగుతున్నానో ఆలోచించుకోలేదు, చెయ్యి దానంతటదే పోతోంది.

ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చాను. వినేవాళ్ళు లేకపోవడంలో ఆ సుఖం ఒకటుంది.

మర్నాడు ముసలాయన గదిలో రెండో కుర్చీ పెట్టాను. బల్లకు అవతల, కూర్చోవడానికి వీలుగా కాస్త వెనక్కి లాగి. దాని మీద బట్టలు వెయ్యలేదు. ముసలాయన నాకంటే పద్ధతైన మనిషి. ఎత్తు సరిపోయిందో లేదో చూద్దామని బూడిదయ్యను ఎత్తి, మోకాళ్ళు వంచి, దాంట్లో కూర్చోబెట్టాను. చాపిన చేతులు దించి బల్ల మీద పెట్టాను. అన్ని రోజుల్లో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. అలా ఊరికే కూర్చోబెట్టడం బాగుండలేదు. రెండో కప్పు చేసి ఆయన ముందు పెట్టాను.

ఆ తర్వాత పని దానంతటదే సాగింది. బల్ల అంచు ఎక్కడ అరిగి ఉంటుందో, కిటికీ గడియ ఎందుకు వదులై ఉంటుందో బూడిదయ్యకు చెబుతూ చేశాను. అన్నం మానేసి చేసిన రోజులున్నాయి. ఆఖరికి ఫైలు పంపే ముందు ఆయన్ని తీసెయ్యాలి. అది చిన్నపిల్లలకు కూడా తెలిసిన నియమం, కొలత బొమ్మను తుడిచేసి మరీ పంపాలి. నాకు చేతులు రాలేదు. తుడిచేస్తే ఆ కూర్చున్న మనిషి పోతాడు, మళ్ళీ పిలిస్తే వచ్చేది చేతులు చాపిన కొత్తవాడు. సాఫ్ట్‌వేర్లో దాచిపెట్టే మీట ఒకటుంది. అది నొక్కాను. నా తెర మీద ఆయన మాయమయ్యాడు. సరిపోతుందిలే అనుకుని పంపేశాను.

ఎంత బుద్ధితక్కువ పనో శుక్రవారం మధ్యాహ్నం తెలిసింది. ఫైలులో దాచినవి ఆటలోకి వెళ్ళేసరికి దాగి ఉండవు, అన్నిటితోపాటు బయటికొస్తాయి. మీటింగు హాల్లో పెద్ద తెర ముందు అందరూ కూర్చున్నారు. ఆట నడుస్తోంది. ముసలాయన గది తలుపు తెరుచుకుంది. గోడ మీద గడియారాలు, బల్ల, కప్పు. బల్లకు అవతల, రెండో కుర్చీలో, చేతులు ముందుకు పెట్టుకుని, ముఖం లేని బూడిదరంగు మనిషి.

హాలంతా గొల్లున నవ్వింది. "బకెట్టమ్మాయ్, చుట్టాలొచ్చారా?" అన్నారెవరో వెనకనుంచి. మూడు నెలల్లో వాళ్ళు నాతో అన్న మొదటి మాట అది. నాకు తల కొట్టేసినట్టయింది. పాప బల్ల పోయిందనుకున్నాను.

లీడ్ గారు నవ్వలేదు. "రెండో కుర్చీ ఎందుకుంది?" అన్నారు.

నేను లేచి నించున్నాను.

"ఈయన్ని ఎవరు కూర్చోబెట్టారు?"

"నేనే సార్. కుర్చీ ఎత్తు చూసుకోడానికి."

"మంచిదే. అలాగే చూసుకోవాలి." తెర మీద బూడిదయ్య ముందున్న కప్పు మీదికి బాణం జరిపారు. "ఎత్తు చూసుకోడానికి కప్పెందుకు పెట్టావు?"

ఏదైనా అబద్ధం చెప్పి ఉండొచ్చు. కానీ కోపం ముంచుకొచ్చింది. ఆయన మీద కాదు, హాల్లో అందరి మీదా. "మీ అందరి మధ్యా మూడు నెలల్నించి కూర్చుంటున్నాను సార్. నేను మాట్లాడింది ఈయనొక్కడితోనే. కూర్చోమన్నాక ఏదో ఒకటి ఇవ్వాలి కదా!" అన్నాను. నవ్వు ఆగిపోయింది.

లీడ్ గారు మౌస్ నా వైపు జరిపారు. "మనిషిని తీసెయ్" అన్నారు. "దాచడం కాదు. తుడిచెయ్."

అందరూ చూస్తుండగా నా చేత్తోనే తుడిచేశాను. ఆయన పోయాడు. వెనక్కి లాగిన కుర్చీ, దాని ముందు కప్పు, అలాగే మిగిలాయి. గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి.

"ఒకటే కుర్చీ అని నేను చెప్పిందే తప్పు" అన్నారు లీడ్ గారు. "రెండూ ఉంచు. సోమవారం నుంచి ఈయన పక్కింటి వంటగది మొదలుపెట్టు."

ఉద్యోగం ఖాయమైందని నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.

నా సీటుకు వచ్చి కూర్చున్నాక రంగులమ్మాయి నా వైపు తిరిగింది. హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించి, "ఆ రెండో కప్పులో టీ మరక వెయ్యాలాండీ?" అంది. గొంతు నేననుకున్నదానికంటే సన్నగా ఉంది.

"వద్దండీ. శుభ్రంగా ఉండాలి. రోజూ కడుగుతాడు."

"ఎవరూ తాగకపోయినా కూడానా?"

"ఎవరూ తాగకపోయినా."

ఆమె తలూపి, హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టేసుకుంది. వంటగది కోసం కొత్త ఫైలు తెరిచాను. బూడిదరంగు మనిషి చేతులు చాపి నించుని ఉన్నాడు. ఈయన నాకు తెలియదు. పలకరించబుద్ధి కాలేదు.

గదికి రాగానే వదినకు ఫోన్ చేశాను. "ఉంచుకున్నారు వదినా."

"ఏమండోయ్! పాపా! అత్తకి ఉద్యోగం ఖాయమైందట!" అని అరిచింది. అటువైపు గంతులు, పాప కేరింతలు, అన్నయ్య ఏదో అడగడం వినిపించాయి. "బకెట్టు పుణ్యమేనా?" అంది వదిన.

"కుర్చీ పుణ్యం."

"ఏదైతేనేంలే, నీళ్ళు పట్టకపోయినా అన్నం పెడుతోంది." తర్వాత గొంతు తగ్గించింది. "మరి మంచం…"

"తీసేయించు వదినా. పాపకి బల్ల వెయ్యండి."

"నువ్వొస్తే ఎక్కడ పడుకుంటావే?"

"చుట్టంలా వస్తాను. చాప వేద్దువుగాని."

"చుట్టమేంటే, నోర్ముయ్!" అంది. ఈసారి నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఫోను పెట్టకుండానే అన్నయ్యను పిలిచింది. ఇద్దరూ కలిసి మంచం మడుస్తున్నారు. ఇనప కాళ్ళు కిర్రుమని మూసుకున్నాయి. రోజూ పొద్దున్నే లేచి నేను చేసిన చప్పుడే అది. ఇంత దూరం నుంచి వినడం ఇదే మొదటిసారి.

"విన్నావా? తీసేశాం" అంది వదిన.

"విన్నాను."

ఫోను పెట్టేశాక లేచి, రెండో కుర్చీ మీద బట్టలన్నీ తీసి మడతపెట్టాను. ఇక ఉండేది ఇక్కడే కదా.